కత్తెర వదిన ఏరిపెట్టిన మాటలు

పొద్దున్నే వంటింటి గుమ్మం పక్కన ఎత్తుపీట వేసుకుని మా ఆయన కూర్చునేవారు. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. మా కుటుంబం గ్రూపులో రాత్రి నుంచీ ఎవరెవరు ఏమేం పెట్టారో అన్నీ పైకి చదివేవారు. ఉత్తినే చదవడం కాదు, ఎవరి గొంతు వాళ్ళకు పెట్టి చదివేవారు. మా మామగారి తమ్ముడు, చిన్నమామయ్య, రోజూ ఒక పువ్వు బొమ్మ పంపి శుభోదయం అంటారు. ఆ శుభోదయాన్ని చిన్నమామయ్య దగ్గుతో సహా చదివేవారు. చదివి, అక్కడికక్కడే జవాబు కొట్టి, ఆ జవాబు కూడా నాకు వినిపించేవారు. నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. నాకు అక్షరాలు వచ్చు, కానీ కూడబలుక్కుని ఒక వాక్యం చివరికి చేరేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

ఇప్పుడు ఆ పీట మీద మా వదిన కూర్చుంటోంది. ఆయనకు అక్క. ఆయన పోయాక నాకు తోడుగా ఉండడానికి ఒక సంచీతో వచ్చింది. తర్వాత ఇంకో సంచీ తెప్పించుకుంది. వెళ్తానని ఆవిడా అనలేదు, ఎప్పుడు వెళ్తారని నేనూ అడగలేదు. టీ తాగుతుంది, టీలో పస లేదంటుంది, ఇంకో గ్లాసు పొయ్యమంటుంది. గ్రూపు మాత్రం చదవదు. నా ఫోనూ బియ్యం డబ్బా మీద బోర్లా పడి ఉంటుంది.

మా వదినను ఇంటా బయటా అందరూ కత్తెర అనే అంటారు. నా ఫోన్లో కూడా ఆవిడ కత్తెర వదినే. ఆ పేరంటే ఆవిడకు కోపం లేదు. "చాకు అనలేదు, అదృష్టం" అంటుంది.

చిన్నప్పుడు పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు విప్పి, నూనె మరక లేని చోటు చూసి, నచ్చిన ముక్క కత్తిరించి డబ్బాలో దాచుకునేదట. ఒకరోజు మా మామగారు ఇంకా చదవని పేపర్లోంచి జిరాఫీ బొమ్మను, మెడ దగ్గర ఒక్క వంపు కూడా పాడవకుండా, కత్తిరించేసింది. సాయంత్రం ఆయన పేపరు తెరిస్తే జిరాఫీ ఆకారంలో చిల్లు. ఆ చిల్లులోంచి కూతురి వైపు చూసి, "ఇటు పక్క వానెప్పుడు పడుతుందో రాసుంది. నీ జిరాఫీ వీపు మీద చూసి చెప్పు" అన్నారట. వదిన గోడ మీద అంటించిన జిరాఫీని ఊడదీసి వీపు చదివి వినిపించింది. దెబ్బలు తప్పాయి. దానితో పాటు ఒక బుద్ధీ వచ్చింది: కాగితాన్ని తిరగేసి చూడకుండా కత్తెర పెట్టకూడదు.

పెద్దయ్యాక అదే పనికి జీతమిచ్చే చోటు దొరికింది. చెప్పుల దుకాణం మీద పొడుగాటి గది. గది నిండా పొడుగాటి బల్ల. పొద్దున్నే పేపర్లన్నీ అక్కడికి వచ్చేవి. సబ్బుల కంపెనీవాళ్ళకు సబ్బుల వార్తలు, బీమావాళ్ళకు మునకలూ మంటలూ, ఒక పళ్ళ డాక్టరుకు పళ్ళ గురించి ఎక్కడ ఏ ముక్క వచ్చినా అదీ, ఏరి, కత్తిరించి, తెల్లకాగితం మీద అంటించి, పైన పేపరు పేరూ తేదీ వేసి పంపడం వాళ్ళ పని. ఒకప్పుడు నాటకాల్లో వేసిన ఒక పెద్దావిడ కూడా వాళ్ళ ఖాతాదారే. తన పేరు ఎక్కడ కనబడినా పంపమని చెప్పుకుంది. ఏళ్ళ తరబడి ఎక్కడా కనబడలేదు. మిగతావాళ్ళు ఆవిడ సంగతే మర్చిపోయారు. మా వదిన మర్చిపోలేదు. చివరికి ఏదో పూలకుండీల పోటీలో బహుమతులు ఇచ్చినవాళ్ళ వరసలో ఆ పేరు దొరికింది. ఆ ఒక్క లైనే కత్తిరించి, పెద్ద తెల్లకాగితం మధ్యలో అంటించి, శుభలేఖంత అందంగా పంపింది. పెద్దావిడ ఫోను చేసి, "నా ఫొటో వెయ్యలేదేం?" అని పోట్లాడిందట. వదినకు మహా సంతోషం. "బతికే ఉంది, ఓపికగా ఉంది" అని చెప్పుకుని నవ్వుకునేది.

తర్వాత పేపర్లు కాగితాలుగా రావడం మానేసి కంప్యూటర్లోకి అక్షరాలుగా రావడం మొదలయ్యాయి. పొడుగు బల్ల తీసేశారు. కొందరు మానేశారు. వదిన మానలేదు. ఆవిడ ముందు ఒక నల్ల తెర పెట్టారు. అందులో బొమ్మలుండవు, నొక్కడానికి బొత్తాలుండవు. మనం ఒక మాట కొడితే అది చేస్తుంది, లేకపోతే తెలియదంటుంది. వదినకు అది తెగ నచ్చింది.

"నాకు పెళ్ళెందుకు కాలేదో ఆ రోజు తెలిసిందే మరదలా" అంటుంది నాతో. "అడిగినదానికే జవాబు చెప్పి నోరు మూసుకునేవాడు కావాలనుకున్నాను. అలాంటివాణ్ణి మనిషిగా పుట్టించలేదు మరి."

ఆ తెర మీద ఏం చేస్తారో నాకు వంటింటి భాషలో చెప్పింది. గ్రెప్ అనేది చేట లాంటిది. ఒక మాట చెప్పి ఇంత పెద్ద రాశిని దాని మీద పోస్తే, ఆ మాట ఉన్న లైన్లు మాత్రమే మిగిల్చి మిగతావి చెరిగేస్తుంది. కట్ అనేది కత్తెర. ప్రతి లైనునూ నిలువునా ముక్కలు చేసి, ఎన్నో ముక్క కావాలంటే అది ఇస్తుంది. చేటలోంచి నేరుగా కత్తెర కిందికి పంపడానికి మధ్యలో ఒక నిలువు గీత.

అంతా నేర్చుకుంది గానీ ఒకసారి ఆఫీసు కొంప ముంచింది. చెరిగిన గింజల్ని మళ్ళీ అదే ఫైల్లో పొయ్యమని చెప్పిందట. ఆ యంత్రం ముందు గిన్నె బోర్లించి కడిగేసి, తర్వాత గింజలేవీ అని వెతికే రకం. ఆ రోజు వచ్చిన పేపర్లన్నీ గుటుక్కున మాయం. ఆ రోజు సబ్బుల వార్త లేదు, మంటలు లేవు, పళ్ళు లేవు. "లోకం అంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూడలేదు" అంటుంది. అప్పట్నుంచీ ఏ ఫైలు ముట్టుకున్నా ముందు దానికి నకలు తీసి పక్కన పెట్టందే చెయ్యి వెయ్యదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్నామధ్య నా ఫోను నిండిపోయింది. ఎవరైనా ఫోను చేస్తే మోగుతుంది గానీ ఎత్తితే బిగుసుకుపోతుంది. మా మరిది చూసి, "గ్రూపే వదినా, పువ్వులతో కిటకిటలాడుతోంది. ఆదివారం వచ్చి మొత్తం ఖాళీ చేసేస్తాను, ఫోను కొత్తదానిలా పరిగెడుతుంది" అన్నాడు. సరే అన్నాను. అతను వెళ్ళాక గిన్నెలు తోముతుంటే అర్థమైంది. ఆ పువ్వుల మధ్యలో ఆయన ఉన్నారు. పొద్దున్నే పీట మీద కూర్చుని కొట్టిన జవాబులన్నీ అందులోనే ఉన్నాయి. ఖాళీ చేస్తే పువ్వులతో పాటు ఆయనా పోతారు.

ఆయన ఫోను తెరిచే అంకె ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళు గ్రూపును ఎప్పటికప్పుడు ఖాళీ చేసుకుంటారు. ఉన్నది నా ఫోనొక్కటే.

మర్నాడు టీ ఇస్తూ అడిగాను. "వదినా, ఆయన అన్నవి మాత్రం ఏరి ఇస్తారా? పెద్ద అక్షరాల్లో, కాగితం మీద. నెమ్మదిగా చదువుకుంటాను."

ఆవిడ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. పస లేదని అనలేదు. లేచి, రెండో సంచీలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి, భోజనాల బల్ల తుడిచింది. నేను అప్పుడే తుడిచిన బల్లే.

నా ఫోన్లోంచి గ్రూపంతా ఒకే ఫైలుగా దించింది. నకలు తీసి పక్కన పెట్టింది. ప్రతి మాటకూ ముందు తేదీ, టైము, ఒక గీత, పంపినవాళ్ళ పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత మాట. బొమ్మలు రావు, వాటి బదులు 'చిత్రం చేర్చలేదు' అని ఒక లైను వస్తుంది. పేర్లు మన ఫోన్లో ఎలా రాసుకుంటే అలాగే ఉంటాయట.

"వాడి పేరు ఏమని రాసుకున్నావ్?" అంది.

"ఆయన అని."

"ఆయన అంటే?"

"ఆయన అనే."

"పేరు రాస్తే నాలుక కాలుతుందా?"

"ఫోను కొనిచ్చిన రోజు తన పేరు ఏమని రాయమంటావని అడిగారు, సిగ్గేసింది" అన్నాను.

వదిన నుదురు కొట్టుకుని, 'ఆయన' అని కొట్టి చేట ఆడించింది. తెర నిండా బొలబొలా వచ్చి పడ్డాయి. అంత మాట్లాడారా అని నాకు గుండె నిండింది. వదిన చదవడం మొదలెట్టింది.

"చిన్నమామయ్య: మోకాలి డాక్టరు ఊళ్ళో లేడు, ఆయన వచ్చేదాకా మెట్లెక్కను. మరిది: గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు, ఆయన ప్లంబరేనా? చిన్నమామయ్య: పాత సినిమా వస్తోంది, ఆయన నటన చూడండి..." చదవడం ఆపి నా వైపు తిరిగింది. "లోకంలో ఉన్న మగాళ్ళంతా వచ్చి పడ్డారే నీ మొగుడి ఖాతాలో! ప్లంబరు కూడానా?"

నాకు నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిందేమో, సగంలో దగ్గయిపోయింది.

ఈసారి ముందు గీత, వెనక రెండు చుక్కలు కలిపి కొట్టింది. డాక్టరూ ప్లంబరూ వెళ్ళిపోయారు. ఆయనొక్కరే మిగిలారు. "ఇక తేదీ, టైము, పేరు కోసేద్దాం. రెండు చుక్కలున్న చోటల్లా ముక్క చెయ్యమంటాను. టైములో ఒకసారి ఉన్నాయి, పేరు పక్కన ఒకసారి ఉన్నాయి. కాబట్టి మాట మూడో ముక్క" అని వేళ్ళు విరుచుకుని కత్తెర వేసింది.

తెర మీద ఇలా వచ్చింది:

సంగతేమిటంటే
సంగతేమిటంటే
అలాగే
సంగతేమిటంటే
సంగతేమిటంటే
సంగతేమిటంటే

కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. ఎక్కడ చూసినా అదే. సంగతి మాత్రం ఎక్కడా లేదు.

ఆయన ఏ మాటైనా అలాగే మొదలుపెట్టేవారు. రైల్వేస్టేషన్లో మైకువాడిలా 'సంగతేమిటంటే' అని, రెండు చుక్కలు పెట్టి, అప్పుడు సంగతిలోకి దిగేవారు. ఆ చుక్కల దగ్గర కూడా కత్తెర పడింది. సంగతంతా నాలుగో ముక్కలోకి పోయింది.

"చిన్నప్పుడూ ఇంతే!" అంది వదిన. "సంగతేమిటంటే అంటాడు, అనేసి నీళ్ళు తాగడానికి పోతాడు. మేమంతా నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళం!" నవ్వుతూ నవ్వుతూ కళ్ళు పైటతో తుడుచుకుని, తుడుచుకున్నందుకు నా మీద కసిరింది. "ఏం చూస్తావ్? మూడు పక్కన చిన్న గీత పెట్టడం మర్చిపోయాను. మూడు నుంచి చివరిదాకా అని చెప్పాలి. ముసలిదాన్నైపోయాను."

గీత పెట్టగానే సంగతులన్నీ వచ్చేశాయి. మర్నాడు జిరాక్సు కొట్టుకు వెళ్ళి, బొటనవేలంత అక్షరాలతో అచ్చు తీయించి, అట్ట వేయించి తెచ్చింది. తేదీల్లేవు, పేర్లు లేవు, ఇంకొకరి మాట ఒక్కటి లేదు. "ఇంత శుభ్రంగా మా ఆఫీసులో ఎవరికీ కోసివ్వలేదు" అని నా ఒళ్ళో పెట్టింది.

నేను కిటికీ దగ్గర కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుని, అక్కడొకటి ఇక్కడొకటి చదివాను.

కాదు.
నీ దగ్గరే ఉంది.
సంగతేమిటంటే: వంకర పిడిది.
నేనెందుకు తీస్తాను?
నిన్నటిదే ఇది.
అవును, నవ్వింది.
సంగతేమిటంటే: అది ఎర్రది, మనది నల్లది.

ఇంకో పేజీ తిప్పాను. అలాగే ఉంది. గోడకు అవతల ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నట్టుంది. గొంతు ఆయనదే, కాదనను. కానీ పొద్దున్నే పీట మీద కూర్చున్న మనిషి కాదు. పుస్తకం మూసి కొంగుతో అట్ట తుడిచాను.

ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోందని నాకు తెలియదు. "ఏం? అచ్చు సరిగా రాలేదా?" అంది.

"బాగా వచ్చింది వదినా."

"బాగా వస్తే మొహం అలా పెట్టావేం?"

ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను. ఆదివారం దగ్గరపడింది. "వదినా, ఏది వంకర పిడిది?"

వదిన వచ్చి నా పక్కన కూలబడింది. పుస్తకం తీసుకుని ఆ పేజీ చూసింది, ముందు పేజీ చూసింది. "గొడుగు" అంది చివరికి. "నా గొడుగు వీడు తీసుకెళ్ళి, నేనే తీసుకెళ్ళానని నా మీద పెట్టాడు. వానాకాలం వచ్చినప్పుడల్లా అదే గొడవ. నేనన్నవన్నీ నేనే కోసి పారేశాను." పుస్తకం మూసి, "ఇప్పుడు చదివితే గెలిచినవాడు వాడే అనుకుంటారు" అంది.

"మరి ఎవరు నవ్వారు? 'అవును, నవ్వింది' అన్నారు."

వదిన మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఈసారి బల్ల తుడవలేదు. గ్రెప్పుకు ఇంకో మాట చేర్చింది. అది చేరిస్తే దొరికిన లైనుతో పాటు దాని పైన ఉన్న లైన్లు కూడా వస్తాయట. ఎన్ని కావాలంటే అన్ని. కింద ఉన్నవి కూడా. కత్తెర అసలు వెయ్యలేదు. పేర్లు పేర్లలాగే ఉంచేసింది.

"ఇదిగో" అంది. "కత్తెర వదిన: పొద్దున్నే ఆ జోకు నీ పెళ్ళానికి కూడా చదివావా? ఆయన: చదివాను. కత్తెర వదిన: అది నవ్విందా? ఆయన: అవును, నవ్వింది. కత్తెర వదిన: అబద్ధం. అది నవ్వడం ఇంతవరకూ ఎవరూ వినలేదు. ఆయన: సంగతేమిటంటే: అటు తిరిగి నవ్వుతుంది. భుజాలు కదులుతాయి."

నేను అటు తిరిగాను. వదిన తెరను కిందికి జరిపింది.

"గొడుగు చదువుదాం రా" అంది. "నాది నేను చదువుతాను, వాడిది నువ్వు చదువు. రెండూ నేనే చదివితే పోట్లాటలా ఉండదు."

అలా మొదలైంది. ఆవిడ తన లైను గడగడా చదివేసి నా వైపు చూస్తుంది. నేను వేలు పెట్టుకుని స, సం, సంగ అంటూ ఉంటాను.

"తొందరగా కానీ, నా కోపం చల్లారిపోతోంది!"

"సంగతేమిటంటే: అక్కా, ఆ గొడుగు నువ్వు ఇచ్చిందే కాదు, నేను కొన్నది."

"అబద్ధాలకోరు! కొన్న మొహమేనా అది? వంకర పిడి ఎవరు ఎంచుకున్నారు? నేను!"

"వదినా, అది ఇందులో లేదు."

"లేకపోతేనేం? అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తట్టింది. వాడి జవాబు చదువు."

చూస్తే ఆ తర్వాత వచ్చిన ఆయన మాట, "సరే, వంకర పిడి నచ్చింది నీకేగా." వదిన బల్ల మీద చరిచి, "చూశావా, చూశావా, ఎలా దొరికాడో!" అని నన్నే సాక్ష్యానికి పిలిచింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఇద్దరికీ తగిలింది గానీ ఎవరమూ లేవలేదు.

ఆదివారం మరిది వచ్చి నా ఫోను ఖాళీ చేశాడు. కొత్తదానిలా పరిగెడుతుందన్నాడు. పరిగెత్తనీ.

వదినకు మాత్రం మనసు నిలవలేదు. అందరి మాటలూ వచ్చాక, ఆయన జవాబుల చుట్టూ చిన్నమామయ్య పువ్వులు కూడా వచ్చేశాయి. ఎక్కడ చూసినా 'చిత్రం చేర్చలేదు', 'చిత్రం చేర్చలేదు'. రెండోసారి అచ్చుకు పంపేముందు వాటిని ఏరి పారెయ్యాలని కూర్చుంది. గ్రెప్పుకు తిరగేసే మాట ఒకటుందట. అది పెడితే ఆ మాట ఉన్న లైన్లు పోయి మిగతావి నిలుస్తాయి. కొట్టేసింది కూడా. ఇక నొక్కడమే.

"మా బాబాయి చెత్తంతా ఊడ్చేస్తున్నాను. పుస్తకం సగానికి సగం తగ్గుతుంది" అంది.

"ఒక్క నిమిషం వదినా" అని నేను తెర మీద వేలు పెట్టి చదివాను. "చిన్నమామయ్య: చిత్రం చేర్చలేదు. ఆయన: నిన్నటిదే ఇది. ఆయన: సంగతేమిటంటే: బాబాయ్, నిన్న తుమ్మెద కూడా ఉంది, ఇవాళ దాన్నెక్కడికి పంపావు?"

వదిన చెయ్యి అక్కడే ఆగింది.

"ఉండనివ్వండి" అన్నాను.

"చెత్తే అది. బొమ్మ కూడా లేదు. లేదని చెప్పే లైను."

"ఉండనివ్వండి."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. కొట్టిన అక్షరాలను చివర్నుంచి ఒక్కొక్కటే చెరుపుకుంటూ పోయింది. "జీతం పుచ్చుకున్నన్నాళ్ళూ ఇంత మురికిగా ఒక్క ముక్క బయటికి పంపలేదు" అని సణిగింది. సణిగి, పీట నా దగ్గరికి లాక్కుంది.

"ఊఁ, తర్వాతది చదువు."

తర్వాతది కూడా పువ్వే.